నోయర్ సీను (వెలుగునీడల తేడా బాగా కనిపించే పాత క్రైమ్ సినిమాల తరహా) తీస్తుంటే, కిటికీ బ్లైండ్స్ నీడ గోడ మీద చారలుగా పడకుండా అలుక్కుపోతోందా?

లైటుకి సాఫ్ట్‌బాక్స్ (వెలుగుని వెడల్పుగా, మెత్తగా పరిచే గుడ్డ పెట్టె) తగిలించడమే కారణం. వెలుగు వచ్చే చోటు ఎంత వెడల్పైతే నీడ అంచు అంత కరిగిపోతుంది. చారలు మసకగా ఉండటం, సీనంతా బూడిదరంగులో రావడం, ఈ రెండూ వేరు వేరు సమస్యలు.

1. సాఫ్ట్‌బాక్స్, డిఫ్యూజన్ పేపరు (వెలుగుని చెదరగొట్టే కాగితం) తీసేయండి. ప్యానెల్ లైటు పనికిరాదు, దాని మొహమే వెడల్పు. ఒకే చిప్ ఉన్న ఎల్‌ఈడీ వాడండి.

2. అందరూ తప్పేది ఇక్కడే. లైటునీ బ్లైండ్స్‌నీ పక్కపక్కనే పెట్టి, రెండింటినీ నటుడికి దూరం జరుపుతారు. దాంతో చారలు ఇంకా అలుక్కుపోతాయి. లైటు బ్లైండ్స్‌కి 10 అడుగుల దూరంలో ఉండాలి, బ్లైండ్స్ మాత్రం ఫ్రేములో పడకుండా నటుడికి వీలైనంత దగ్గరగా రావాలి. అసలు బ్లైండ్సే అక్కర్లేదు, నేను టీవీ అట్టపెట్టెకి బ్లేడుతో చీలికలు కోసి లాగించేశాను.

3. బూడిదరంగుకి కారణం తెల్లగోడలు, అవి వెలుగుని చీకటి వైపుకి తిప్పికొడతాయి. నటుడి చీకటి వైపు, ఫ్రేము బయట, నల్ల దుప్పటి కట్టండి. ముఖంలో రెండు వైపులకీ 3 స్టాపుల తేడా (ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు), అంటే 8:1 వస్తే నోయర్ లుక్కే.

4. ఎక్స్‌పోజర్ మాన్యువల్‌లో, ముఖం మీది వెలుగు చారకి సెట్ చేయండి. ఆటోలో కెమెరా చీకటిని పైకి లేపేస్తుంది.