సేవ చేయాలనుంది సరే, ఏ పని నేర్చుకుంటారు?

ప్రశ్న: మాది గాజువాక. బీకామ్ ఫైనలియర్ చదువుతున్నాను. ఉక్రెయిన్, గాజా వార్తలు, సోషల్ మీడియాలో కులమతాల పేరుతో తిట్టుకోవడాలు చూస్తుంటే దేనిమీదా ఆశ ఉండటం లేదు. ఆదివారాలు బీచ్ శుభ్రం చేసేవాళ్ళతో, సీజన్‌లో తాబేలు గుడ్లను కాపాడేవాళ్ళతో ఉన్నప్పుడే మనసు కుదుటపడుతోంది. ఇలాంటివాళ్ళ మధ్యే ఉద్యోగం చేయాలని ఉంది. నాన్న స్టీల్‌ప్లాంట్‌లో పనిచేస్తారు. 'సేవ కడుపు నింపదు, బ్యాంకు పరీక్షలు రాయి' అంటున్నారు. నిజంగా ఇందులో కెరీర్ ఉందా?

సమాధానం: ఉంది. ముందుగా, బీచ్‌లో మీకు దొరికిన ధైర్యాన్ని తక్కువగా చూడకండి. ఊళ్ళు కూలిపోవడం టీవీలో రోజంతా కనిపిస్తుంది. ఆ గొడవ ఆపడానికి ఏళ్ళ తరబడి తిరుగుతున్నవాళ్ళు కనిపించరు. వాళ్ళ పక్కన నిలబడితే తప్ప వాళ్ళున్నారని తెలీదు. మీకు తెలిసింది, అదృష్టం.

అయితే మనకు ధైర్యమిచ్చే ఇలాంటి ప్రతి మనిషికీ ఏదో ఒక పని బాగా వచ్చి ఉంటుంది. మనం వాళ్ళ మంచితనం చూసి దణ్ణం పెట్టి ఊరుకుంటాం, ఆ పనిని గమనించం.

ఎస్.ఆర్. శంకరన్ గారి పేరు మీ నాన్నగారి తరానికి తెలిసే ఉంటుంది. ఐఏఎస్ అధికారిగా వెట్టిచాకిరీలో ఉన్నవాళ్ళ విడుదల కోసం పనిచేశారు. 1987 డిసెంబరులో తూర్పుగోదావరి ఏజెన్సీలోని గుర్తేడు దగ్గర నక్సలైట్లు కొంతమంది అధికారులను కిడ్నాప్ చేస్తే, వాళ్ళలో ఆయనా ఉన్నారు. అంత జరిగాక ఎవరైనా ఆ జోలికి మళ్ళీ పోతారా? ఆయన పోయారు. 1997 నుంచి కమిటీ ఆఫ్ కన్సర్న్‌డ్ సిటిజన్స్ అనే పౌరుల బృందానికి కన్వీనర్‌గా ఉండి, అటు ప్రభుత్వాన్నీ ఇటు నక్సలైట్లనీ హింస గురించి సూటిగా అడుగుతూ వచ్చారు. చివరికి 2004 అక్టోబరులో హైదరాబాద్‌లో రెండు పక్షాలూ ఎదురెదురుగా కూర్చున్నాయి. కొద్ది నెలలకే ఆ ప్రయత్నం చెడిపోయింది. అయినా నేను దీన్ని ఓటమి కింద లెక్కవేయను. ప్రభుత్వంలో ఫైలు ఎలా కదులుతుందో, పేదవాడి గుమ్మంలో ఏం జరుగుతుందో రెండూ తెలిసిన మనిషి కాబట్టే ఆయన మాటను ఇద్దరూ విన్నారు.

ఇంకో ఉదాహరణ మన పక్కనే ఉంది. అరకు రైలెక్కి బొర్రా గుహలు చూసి, బొంగు చికెన్ తిని వచ్చేస్తాం. ఆ చుట్టుపక్కల గిరిజన భూములను మైనింగ్ లీజులకివ్వడం మీద 'సమత' అనే సంస్థ కోర్టుకెళ్ళింది. హైకోర్టులో ఓడింది. 1997 జులైలో సుప్రీంకోర్టులో గెలిచింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో, అంటే రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన గిరిజన ప్రాంతాల్లో, ప్రైవేటు కంపెనీలకు ప్రభుత్వం కూడా మైనింగ్ లీజులివ్వకూడదని ఆ తీర్పు చెప్పింది. ఊళ్ళో జనంతో కలిసి నిలబడటంతో పాటు చట్టం చదవడం వచ్చినవాళ్ళు ఉండబట్టే అది సాధ్యమైంది.

శాంతి అనగానే ఐక్యరాజ్యసమితి దాకా వెళ్ళక్కర్లేదు. 2022 జనవరిలో రింగు వలలతో (చేపల గుంపును చుట్టేసే పెద్ద వలలు) వేట మీద మత్స్యకారుల మధ్య వచ్చిన గొడవలో మన జాలరిపేటల దగ్గరే పడవలు తగలబడ్డాయి, 144 సెక్షన్ పెట్టారు. అలాంటిచోట రెండు వర్గాలను కూర్చోబెట్టాలంటే వల కన్ను ఎంత ఉండాలి, ఒడ్డుకి ఎంత దూరంలో వేట చేయొచ్చు, అప్పు చేసి కొన్న వల మూలన పడితే ఆ అప్పు ఎవరు తీర్చాలి, ఇవన్నీ తెలిసిన మనిషి కావాలి. 'కలిసిమెలిసి ఉండండి' అంటే ఎవరూ వినరు.

రోజువారీ పని ఇంకా చిన్నగా ఉంటుంది. ఒక ముసలావిడ ఆధార్‌లో అప్పలనరసమ్మ, రేషన్ కార్డులో నరసమ్మ. పెన్షన్ ఆగిపోయింది. ఆవిడతో సచివాలయానికి వెళ్ళాలి, సర్వర్ పనిచేయకపోతే మర్నాడు మళ్ళీ వెళ్ళాలి, పేరు సరిచేయించాలి. బీచ్‌లో ఉన్న ఉత్సాహం ఇక్కడ ఉండదు. ఈ పని మీకు విసుగు పుట్టించదనిపిస్తేనే ఈ దారిలోకి రండి.

ఇక చదువు సంగతి. ఎమ్మెస్‌డబ్ల్యూకి, అంటే సోషల్ వర్క్‌లో పీజీకి, ఏ డిగ్రీ అయినా చాలు. ఆంధ్రా యూనివర్సిటీలోనే సోషల్ వర్క్ విభాగం ఉంది, దారి ఏపీ పీజీసెట్ అనే ఎంట్రన్స్. టిస్‌కి (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) అయితే సీయూఈటీ పీజీ అనే జాతీయ ఎంట్రన్స్ రాయాలి. బెంగళూరు అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీలో డెవలప్‌మెంట్ కోర్సు ఉంది, శాంతి, సంఘర్షణల మీదే చదవాలంటే ఢిల్లీ జామియాలో ఎమ్మే ఉంది. లా వైపు మనసుంటే లాసెట్ రాసి మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీ చేయొచ్చు.

మీరు బీకామ్ అన్నారు, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. కంపెనీల చట్టం 2013 ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభాల్లో కనీసం 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. దీన్నే సీఎస్‌ఆర్ డబ్బు అంటారు, అది తీసుకున్న సంస్థ ప్రతి రూపాయికీ లెక్క చూపించాలి. విదేశీ విరాళాలకైతే విడిగా బ్యాంకు ఖాతా, విడిగా రిటర్నులు. మంచి పని చేసే సంస్థలు చాలావరకు తడబడేది ఇక్కడే. పల్లెల్లో తిరగడం, పద్దులు రాయడం రెండూ వచ్చినవాళ్ళు అరుదు. నా ఓటు ఆ దారికే.

జీతం విషయంలో మీ నాన్నగారి భయంలో న్యాయం ఉంది. మొదట్లో బ్యాంకు జీతం కంటే తక్కువే వస్తుంది, ప్రాజెక్టు అయిపోతే ఉద్యోగమూ పోవచ్చు. అందుకని ఆయనతో వాదన పెట్టుకోకుండా ఒక గడువు అడగండి. డిగ్రీ అవగానే ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా ఫెలోషిప్‌కి దరఖాస్తు చేయండి. 13 నెలలు పల్లెల్లో పని, స్టైపెండ్ ఇస్తారు. ఆ పని పడకపోతే బ్యాంకు పరీక్షలకు వయసు ఎక్కడికీ పోదు. ఈలోగా జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీర్లను (చట్టం విషయాల్లో జనానికి సాయపడేవాళ్ళు) ఎప్పుడు తీసుకుంటారో కనుక్కోండి. గౌరవ వేతనమే వస్తుంది కానీ, భూమి తగాదా నుంచి భార్యాభర్తల గొడవ దాకా మనుషులు రాజీకి ఎలా వస్తారో దగ్గర్నుంచి చూస్తారు.

ఏ సంస్థలో చేరే ముందైనా మొహమాటపడకుండా మూడు అడగండి. నిరుడు జీతాలు ఏ డబ్బులోంచి ఇచ్చారు? ఆడిట్ రిపోర్టు చూపిస్తారా? అపాయింట్‌మెంట్ లెటర్, పీఎఫ్ ఉంటాయా? 'సేవలో ఇవన్నీ అడుగుతారా' అని ఎవరైనా అంటే, అక్కడ చేరకండి.