ప్రసాదించిన శాంతి కాదది: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

1701 నాటి మాంట్రియల్ సంధి మీద నువ్వు రాసిన కథ అందింది. వాక్యం నీకు పట్టుబడింది. అయితే ఆనాటి కెనడాలోని ఫ్రెంచి వలసను ఏలిన కాలియేర్‌ను గురించి ‘గవర్నరు కాలియేర్ ఆటవిక జాతులకు శాంతిని ప్రసాదించాడు’ అన్నచోట నాకు నిజంగా కోపం వచ్చింది. ఈ ఉత్తరం అందుకే.

1701 వేసవిలో, జ్వరాలు ప్రబలి ఉన్నా, దాదాపు 39 స్థానిక అమెరికన్ జాతుల నుంచి సుమారు 1,300 మంది మాంట్రియల్‌కు వచ్చింది ఎవరి దయాభిక్ష కోసమూ కాదు. వాళ్ళ మైత్రి లేనిదే ఫ్రెంచివారి బొచ్చు వ్యాపారం సాగదు. ఇక ఫ్రెంచివారితోనూ, వారి మిత్రులైన పడమటి జాతులతోనూ ఏళ్ళ తరబడి పోరాడిన ఇరోక్వా సమాఖ్య లౌక్యం చూడు: 1697లో ఇంగ్లండు, ఫ్రాన్సు తమలో తాము సంధి చేసుకోవడంతో ఒంటరిగా మిగిలిన ఆ సమాఖ్యలోని ఐదు జాతులు, మాంట్రియల్‌లో ఫ్రెంచివారితో సంధికి సిద్ధపడుతూనే, 1701 జూలైలోనే ఇంగ్లీషు వలసలోని ఆల్బనీలో ఇంగ్లీషువారితో కూర్చుని, అప్పటికే తమ పట్టు సడలిన పడమటి వేటభూములను ఇంగ్లండు రాజు రక్షణ కోరుతూ రాసిచ్చాయి. ఇంతటి రాజనీతిజ్ఞులను నువ్వు చేతులు కట్టుకుని నిలబెట్టావు.

రాయబారాన్ని రాయడానికి మనవాళ్ళకు ఎందుకో భయం. నా తొలిరోజుల్లో ఒక వారపత్రిక సంపాదకుడు నా చారిత్రక కథలో సంప్రదింపుల ఘట్టాలన్నీ కొట్టివేసి యుద్ధాన్ని మాత్రమే అచ్చువేశాడు. కృష్ణరాయబారం పద్యాల కోసం తెల్లవార్లూ మేలుకున్న జనానికి సభలో మాట విసుగు పుట్టిస్తుందని ఆయన ఎలా అనుకున్నాడో నాకు ఈనాటికీ బోధపడదు. ఇప్పటి పత్రికలదీ అదే వరస.

నీ చేతిలో ఉన్న ఘట్టం ఎంత గొప్పదో గమనించు. హ్యూరాన్ జాతి నాయకుడు కొండియారోంక్ పడమటి జాతులను ఒప్పించి, వారి దగ్గర బందీలుగా ఉన్న ఇరోక్వాలను వెంట తీసుకువచ్చాడు. ఇరోక్వాలు మాత్రం తమ దగ్గరి బందీలను తేలేదు. తనవాళ్ళ ముందు మాట చెల్లని మనిషిగా, నిలబడే ఓపిక లేని జ్వరంతో, ఆగస్టు 1న వాలుకుర్చీలో కూర్చుని ఆయన దాదాపు రెండు గంటలు మాట్లాడాడు. ఆ రాత్రే కన్నుమూశాడు. నువ్వు ఆ మరణానికి రెండు పేజీలు ఇచ్చి, ప్రసంగాన్ని ఒక్క వాక్యంతో సరిపెట్టావు. బందీల విషయంలో ఎవరు ఎవరిని నమ్మాలన్న పేచీయే కదా కథకు ప్రాణం!

ఆగస్టు 4న జాతుల పెద్దలు తమ తమ చిహ్నాలుగా జంతువుల, పక్షుల బొమ్మలు గీసి సంధిపై చేవ్రాలు చేశారు. ఆ పేజీ నీ కథలో అసలే లేదు. ముందు సభను రాసి పంపు. ప్రచురణకర్తల సంగతి తర్వాత చూద్దాం.