గ్వాంటనామోలో కేసు కూడా పెట్టకుండా అన్నేళ్లు ఎలా ఉంచగలిగారు? టార్చర్ గొడవ ఏంటి?

గ్వాంటనామో ఉన్నది క్యూబాలో, కానీ 1903 నుంచి లీజు పేరుతో అమెరికా చేతిలోనే ఉంది (ఏటా నాలుగు వేల డాలర్ల చిల్లర అద్దె చెక్కు పంపిస్తారు, క్యూబా దాన్ని మార్చుకోదు, అదో తమాషా). 9/11 దాడుల తర్వాత బుష్ ప్రభుత్వం 2002 జనవరిలో అక్కడ జైలు తెరిచింది, అమెరికా గడ్డ కాదు కాబట్టి అమెరికా కోర్టులు వేలు పెట్టలేవు అని వాళ్ల లెక్క. ఉగ్రవాదులన్న అనుమానంతో పట్టుకొచ్చినవాళ్లని యుద్ధఖైదీలు అనలేదు, మామూలు నేరస్తులూ అనలేదు, 'శత్రు పోరాటగాళ్లు' అన్నారు, దాంతో రెండు రకాల హక్కులూ పోయాయి. మొత్తం దాదాపు 780 మంది, చాలామంది మీద అసలు కేసే పెట్టలేదు. 2008లో అమెరికా సుప్రీంకోర్టు బూమెదియన్ అనే ఖైదీ కేసులో హెబియస్ కార్పస్ (నన్నెందుకు బంధించారో చెప్పమని కోర్టులో అడిగే హక్కు) వీళ్లకీ ఉంటుందని తేల్చేసింది.

ఇక టార్చర్. ఘోరమైనవి ఎక్కువగా అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ రహస్య జైళ్లలో జరిగాయి. వాటర్‌బోర్డింగ్ అంటే మనిషిని బల్లకి కట్టేసి, మొహం మీద గుడ్డ కప్పి దాని మీద నీళ్లు పోస్తూ ఉంటారు, ఊపిరాడక మునిగిపోతున్నట్టే ఉంటుంది. 9/11 దాడుల సూత్రధారి అని చెప్పే ఖాలిద్ షేక్ మొహమ్మద్‌కి 2003 మార్చి ఒక్క నెలలోనే 183 సార్లు చేశారు! అవయవాలు పాడయ్యేంత నొప్పి ఉంటేనే టార్చర్ అని 2002లో ప్రభుత్వ లాయర్లే మెమో రాసిచ్చారు మరి.

ప్రాణాలు కాపాడిన సమాచారం దొరికిందని సీఐఏ వాదన, పనికిరాలేదని 2014 సెనేట్ రిపోర్టు. నాకైతే రిపోర్టే నమ్మబుద్ధేస్తుంది, ఎందుకంటే అలా రాబట్టిన మాటలు సాక్ష్యంగా చెల్లుతాయా లేదా అనే పేచీతో చాలావరకు 9/11 కేసు, దాడులు జరిగి ఇరవై ఏళ్లు దాటినా తెమల్లేదు.