ఆ కుండ మాట మీ నాన్నగారు ఎందుకు అన్నారు?

ప్రశ్న: నా వయసు 43. రెండో ఏట పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. కాలిపర్ (కాలికి ఊతగా కట్టుకునే పట్టీ) వేసుకుని నడుస్తాను. పన్నెండేళ్లుగా మా ఊళ్లో ఫ్రీజర్ బాక్సులు, వైకుంఠ రథం అద్దెకిస్తున్నాను, అంత్యక్రియల సామగ్రి అమ్ముతున్నాను. నాన్నగారు రిటైరైన ఉపాధ్యాయులు. 79 ఏళ్లు, నా దగ్గరే ఉంటారు. అమ్మ పోయి ఆరేళ్లయింది. నిరుడు నాన్నగారు తన దేహాన్ని ప్రభుత్వ వైద్య కళాశాలకు ఇవ్వడానికి సంతకం చేశారు. సాక్షిగా నేనూ చేశాను. బెంగళూరులో ఉన్న అన్నయ్య ఇది తెలిసి మండిపడుతున్నాడు. శవాల వ్యాపారం చేసే నేను నాన్నను కూడా బేరం పెట్టానంటున్నాడు. దహనం జరగకపోతే నాన్నగారికి సద్గతి ఉండదా? అన్నయ్య ఒప్పుకోకపోతే నేనొక్కడినే దేహాన్ని అప్పగించవచ్చా?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. పైన ఇచ్చింది దాని సారం మాత్రమే. మీరు అడిగిన రెండింటికీ ముందే జవాబు చెప్పేస్తాను. మిమ్మల్ని నిద్రపోనివ్వనిది ఆ రెండూ కావని నా నమ్మకం.

సద్గతి గురించి బెంగ వద్దు. దధీచి తన ఎముకలు ఇచ్చిన కథ మీ నాన్నగారు బడిలో ఎన్నిసార్లు చెప్పి ఉంటారో. జీవితమంతా ఆర్ఎస్ఎస్‌లో గడిపిన నానాజీ దేశ్‌ముఖ్, కమ్యూనిస్టు జ్యోతిబసు ఇద్దరి దేహాలూ 2010లో వైద్య విద్యార్థులకే వెళ్లాయి. మన సీతారాం ఏచూరి దేహాన్ని 2024 సెప్టెంబరులో ఢిల్లీ ఎయిమ్స్‌కు ఇచ్చారు. నమ్మకాలు వేరైనా ముగ్గురి దేహాలూ చేరింది వైద్య విద్యార్థుల దగ్గరికే. దేహం దొరకనప్పుడు దర్భలతో బొమ్మ చేసి దహనం చేసే విధి మన శాస్త్రంలోనే ఉంది. పదో రోజు, పదకొండో రోజు, పన్నెండో రోజు జరిపించవలసినవన్నీ జరిపించుకోవచ్చు. మీ పురోహితుడిని అడగండి, చెబుతారు.

రెండోది. నాన్నగారి సంతకం ఆయన కోరికకు గుర్తు. పోయాక అప్పగించవలసింది మాత్రం మీరే. కన్నకొడుకు ఒకడు గుమ్మంలో అడ్డంగా నిలబడితే ఏ కళాశాలా ఆ తగాదాలో తలదూర్చదు, వచ్చినవాళ్లు వెనక్కి వెళ్లిపోతారు. కాబట్టి మీ ఒక్కరి సంతకంతో పని కాదు. ఇక బేరం మాట. కళాశాల ఎవరికీ పైసా ఇవ్వదు. ఇది మీ అన్నయ్యకూ తెలుసు. కోపంలో అన్న మాటకు లెక్కలు చూపిస్తూ కూర్చోకండి.

ఇంకొకటి కూడా గుర్తుంచుకోండి. దేహదానానికి సంతకం చేసిన ప్రతివారి దేహాన్నీ తీసుకోరు. పోస్టుమార్టం జరిగితే తీసుకోరు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ వంటి జబ్బులున్నా తీసుకోరు. ఆలస్యమైతే కూడా కష్టమే. అలాంటి జబ్బులు లేకపోతే పోయిన ఆరు గంటల్లోపు కళ్లు ఇవ్వవచ్చు, ఆ తర్వాత మిగిలిన దేహం చితికే చేరవచ్చు. అంటే ఈ కాగితం ఉన్నా, ఎవరు తలకొరివి పెట్టాలన్న ప్రశ్న మీ ఇంటికి మళ్లీ రావచ్చు. ఆ ప్రశ్న నుంచి తప్పించుకోవడానికే ఈ కాగితం పుట్టిందేమోనని నా అనుమానం.

ఎందుకంటున్నానో చెబుతాను. మీ ఉత్తరం మూడో పేజీలో రెండు చిన్న మాటలున్నాయి. వాటిని దాటుకుంటూ మీరు వెళ్లిపోయారు. నేను అక్కడే ఆగిపోయాను.

మొదటిది అమ్మ పోయిన రోజు. ఫ్రీజర్ బాక్సు మీరే తెచ్చారు. పాడె దగ్గరుండి కట్టించారు, కొత్త కుండ మీ కొట్టులోదే. చిన్నకొడుకు మీరు. తల్లికి కొరివి పెట్టవలసినవారు మీరు. మీ వదినగారి తరఫు పెద్దమనిషి ఒకాయన లేచి, ‘ఆ కాలితో కుండ మోస్తూ దారిలో పడితే ఇంటికి అరిష్టం’ అన్నాడు. అన్నయ్య కుండ అందుకున్నాడు. మీరు మూడు చక్రాల స్కూటరు మీద వైకుంఠ రథం వెనకాల వెళ్లారు. ‘సర్దుకుపోయాను’ అని రాశారు.

రెండోది నాన్నగారు సంతకం చేసిన రోజు అన్న మాట. ‘నా కోసం ఎవరూ కుండ మోయనక్కర్లేదురా.’ ఆయన శాస్త్రీయ దృష్టికి ఉదాహరణగా మీరు దాన్ని రాశారు. అది శాస్త్రీయ దృష్టి కాదు. ఆరేళ్లుగా ఆ కుండ ఆయన కళ్ల ముందు నుంచి కదలలేదు.

మీ అన్నయ్యను తప్పుపట్టారు. ఆ పెద్దమనిషిని బాగానే తిట్టారు. నాన్నగారిని మాత్రం ఒక్క మాట అనలేదు. ఆ రోజు ఆయన ఎక్కడున్నారు? ‘అరుగు మీద తల దించుకుని కూర్చున్నారు’ అని మీరే రాశారు. పోయినావిడ ఆయన భార్య. కొడుకులిద్దరూ ఆయన కొడుకులే. ‘చిన్నవాడే పెడతాడు, నేను పక్కన పట్టుకుంటాను’ అని ఆయన ఒక్క మాట అంటే ఆ ఇంట్లో నోరెత్తేవారు ఎవరు? ఆయన అనలేదు. మిమ్మల్ని దెబ్బతీసింది పరాయివాడి మాట కాదు, కన్నతండ్రి మౌనం. ఇది చదవడానికి మీకు కష్టంగా ఉంటుంది. అయినా రాస్తున్నాను.

ధృతరాష్ట్రుడికి చూపు లేదని రాజ్యం ఇవ్వలేదు. కానీ యుద్ధమయ్యాక పోయినవారికి తిలోదకాలు ఇవ్వడానికి గంగ ఒడ్డుకు వెళ్లినవారిలో ఆయనే ముందున్నాడు. అడవికి పోయే ముందు భీష్ముడికి, ద్రోణుడికి, కొడుకులకు శ్రాద్ధం పెట్టాడు. అందుకు ధనం ఇవ్వనని భీముడు అడ్డుపడ్డాడు గాని, గుడ్డివాడు కర్మకు పనికిరాడని భీముడు కూడా అనలేదు. మరి మీ వీధిలో ఆ మాట అనే హక్కు ఎవరికి వచ్చింది? 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం నలుగురిలో కావాలని అవమానించినవారికి ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలుశిక్ష వేయవచ్చంటుంది. మీ వదినగారి బంధువు మీద కేసు పెట్టమని నేను చెప్పడం లేదు. దేశం నేరమని పేరు పెట్టినదాన్ని మీరు సర్దుబాటు అని రాసుకున్నారు. అది మానుకోండి అంటున్నాను.

కిందటేడు పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన చేత ఆయన భార్యకు తలకొరివి పెట్టించానని, చక్రాల కుర్చీ తోయడానికి మీ కుర్రాడినే పంపానని గర్వంగా రాశారు. చదివి నాకు కళ్లు చెమర్చాయి. మీ ఇంట్లో మీకు దక్కనిది ఊళ్లో వాళ్లకు దక్కేలా చూస్తున్నారు. మా అమ్మ పోయిన రాత్రి రెండు గంటలకు బాక్సు తెచ్చిన అబ్బాయి పేరు నాకు తెలియదు. తల ఎటు పెట్టాలో, దీపం ఎక్కడ ఉంచాలో తోచక మేము నిలబడిపోతే అన్నీ అతనే చేశాడు. చుట్టాల్లో సగం మంది పేర్లు మరిచిపోయాను గాని అతని ముఖం మరిచిపోలేదు. అన్నకూతురి పెళ్లిచూపుల్లో మీరు చేసే పని చెప్పవద్దని వదినగారు అన్నారట. ఇకమీదట మీ పని మీరే చెప్పుకోండి.

ఇప్పుడు నాన్నగారి దగ్గరకు వెళ్లండి. కొట్టులో కాదు, అన్నయ్య ఫోను వచ్చిన వేడిలోనూ కాదు. సాయంత్రం ఇద్దరే ఉన్నప్పుడు ‘ఆ రోజు మీరు ఎందుకు మాట్లాడలేదు నాన్నా?’ అని అడగండి. ఇంకేమీ కలపవద్దు. ఆయన కళ్లనీళ్లు పెట్టుకుంటే వెంటనే ‘ఫర్వాలేదులెండి’ అనకండి. అలా అనడం మీకు అలవాటైపోయింది. ఆయన్ను చెప్పనివ్వండి. మిమ్మల్ని సైకిలు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని రోజూ బడికి తీసుకెళ్లిన మనిషి ఆయన. ఆ మనిషికి ఆ రోజు నోరు ఎందుకు పెగలలేదో వినే హక్కు మీకుంది. చెప్పుకుని తేలికపడే అవకాశం ఆయనకూ ఉండాలి. 79 ఏళ్లు అంటున్నారు. వాయిదా వేయకండి.

విన్నాక, ఈ దానం నిజంగా నలుగురు పిల్లలు వైద్యం నేర్చుకోవాలనే ఇస్తున్నానని ఆయన అంటే సంతోషంగా ఒప్పుకోండి. ఆ మాట పెద్దకొడుకుకు చెప్పవలసింది మాత్రం ఆయనే. ఫోను మీరు కలిపి ఇవ్వండి, మాట్లాడేది ఆయన. అలా కాకుండా, ఎవరి చేత కొరివి పెట్టించుకుంటే ఎవరు బాధపడతారోనని సంతకం చేశానంటే, ఆ కాగితం రద్దు చేసుకోవచ్చని చెప్పండి. ఇద్దరు కొడుకుల మధ్య నిర్ణయం చెప్పలేక తండ్రి తన దేహాన్ని అడ్డం పెట్టడం నాకు నచ్చదు.

అమ్మ ఆబ్దికం వచ్చే నెలలో అని రాశారు. అన్నయ్య బెంగళూరులో పెడుతున్నాడు కదా అని ఆరేళ్లుగా మీరు ఊరుకున్నారు. ఆస్తులు పంచుకుని వేరుపడ్డ అన్నదమ్ములు ఎవరి ఇంట్లో వారు తద్దినం పెట్టుకోవడం మనకు కొత్త కాదు. ఈసారి మీ ఇంట్లో పెట్టండి. పీట మీద కూర్చోలేకపోతే ఎత్తు బల్ల వేయించుకోండి. అభ్యంతరం చెప్పే పురోహితుడైతే ఇంకొకరిని పిలవండి, మీ వృత్తిలో మీకు తెలియనివారు ఉండరు. పిండం పెట్టేటప్పుడు మీ చెయ్యి పట్టుకోవడానికి నాన్నగారిని పక్కన కూర్చోమనండి.