విత్తన ప్యాకెట్ మీది అంకెలు, అక్షరాలు

ప్రశ్న: టమాటా విత్తనాల ప్యాకెట్ మీద మొలక శాతం 80 అని ఉంది. గడువు దాటలేదు. 20 గింజలు వేస్తే ఏడే మొలిచాయి. లోపం విత్తనానిదా, నాదా?

జవాబు: గడువు కంటే ముందు పరీక్ష తేదీ చూడండి. 80 శాతం అన్నది ఆ రోజు, తగిన వేడీ తేమా ఉన్న ప్రయోగశాలలో తేలిన లెక్క. మట్టిలో కాస్త తగ్గడం మామూలే. సగానికి పడిపోయిందంటే మాత్రం కారణం వెతకాల్సిందే.

మిగిలిన వాటిలో 20 గింజలు తీసి, తడిపి పిండిన గుడ్డ మీద ఒకదానికొకటి తగలకుండా పరచండి. గుడ్డ చుట్టి, మూత వదులుగా పెట్టిన డబ్బాలో 25 డిగ్రీల దగ్గర ఉంచండి. గుడ్డ ఆరిపోకూడదు, నీళ్లు కారకూడదు. పదో రోజున లెక్కపెట్టండి. 15, 16 మొలిస్తే విత్తనం మంచిదే. అప్పుడు లోతును అనుమానించాలి. గింజ వెడల్పుకు రెండు మూడు రెట్లు మట్టి కప్పితే చాలు. టమాటాకు అర సెంటీమీటరు, మహా అయితే ఒకటి. మూడు సెంటీమీటర్ల లోతున వేస్తే, గింజలో దాచుకున్న ఆహారం మొలక పైకి రాకముందే అయిపోతుంది. నీళ్లు నిలిస్తే గాలి అందక కుళ్లిపోతుంది.

గుడ్డలోనూ ఆరేడే మొలిస్తే విత్తనమే దెబ్బతిన్నట్టు. గడువు తేదీ సీలు విప్పని ప్యాకెట్‌కే వర్తిస్తుంది. విప్పాక తేమ తగిలితే నెలల్లోనే బలం పోతుంది, ఉల్లికి మరీ త్వరగా. మిగిలినవి గాలి చొరని సీసాలో, చల్లని చోట దాచండి. ఖాళీ ప్యాకెట్ పారేయకండి. దాని మీది లాట్ నంబరు (అది ఏ దఫా విత్తనమో చెప్పే గుర్తు) లేకపోతే ఫిర్యాదు చేయడం కష్టం.

ప్రశ్న: వంగ ప్యాకెట్ మీద ‘65 రోజులు’ అని ఉంది. ఏ రోజు నుంచి లెక్క?

జవాబు: టమాటా, వంగ, మిరప లాంటి నారు పంటలకు సాధారణంగా నారు నాటిన రోజు నుంచి. నారు పెరిగే ఐదారు వారాలు అదనం. ముల్లంగి, చిక్కుడు లాంటి నేరుగా విత్తేవాటికి విత్తిన రోజు నుంచే. రెండింటికీ అది మొదటి కోతకు పట్టే కాలం, పంట మొత్తం కాలం కాదు.

ప్రశ్న: రకం పేరు పక్కన ‘వి’, ‘ఎఫ్’, ‘ఎన్’ అనీ, ఇంకోచోట ‘ఎఫ్1’ అనీ ఉంది. రెండు ఎఫ్‌లూ ఒకటేనా?

జవాబు: కావు. ఉత్త ‘ఎఫ్’ అంటే ఫ్యుసేరియం ఎండు తెగులును, ‘వి’ అంటే వెర్టిసిలియం ఎండు తెగులును, ‘ఎన్’ అంటే వేళ్లకు పట్టే నులిపురుగులను (నెమటోడ్‌లను) తట్టుకునే రకమని. తట్టుకోవడమంటే అసలు రాకపోవడం కాదు. ‘ఎఫ్1’ అంటే రెండు వేరు వేరు రకాల తల్లిదండ్రుల నుంచి తీసిన మొదటి తరం హైబ్రిడ్. దాని కాయల్లోంచి గింజ తీసి వేస్తే మొక్కలు తలా ఒక తీరుగా వస్తాయి. గింజ దాచుకునే ఉద్దేశం ఉంటే హైబ్రిడ్ కాని రకమే కొనండి.

ప్రశ్న: గులాబీ రంగు పూసిన బఠాణీ విత్తనాలు మిగిలాయి. కడిగి వండవచ్చా?

జవాబు: వద్దే వద్దు. ఆ రంగు, విత్తనానికి మందు పట్టించారని చెప్పే గుర్తు. తరచుగా అది థైరమ్ లాంటి శిలీంద్రనాశిని. కడిగినంత మాత్రాన పోదు. కోళ్లకు, పక్షులకు కూడా వేయకండి. విత్తేటప్పుడు చేతి తొడుగులు వేసుకుని, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి.