తిరుపతి ఎండల్లో లాబ్రడార్‌ని ఏ వేళకి బయట తిప్పాలి?
మే నెలలో అయితే పొద్దున ఆరున్నర లోపు, మళ్ళీ రాత్రి ఎనిమిది దాటాక. సాయంత్రం ఐదుకి ఎండ తగ్గినట్టే ఉంటుంది గానీ తారు రోడ్డు చల్లారదు. చేతి వెనకవైపు రోడ్డుకి ఆనించి ఏడు సెకన్లు ఉంచి చూడండి. మీరు ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ కాలతాయి.

కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పడమే దానికి ఫ్యాను. మామూలుగా ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. 104 దాటి, చొంగ చిక్కగా కారుతూ, నడక తూలుతుంటే వడదెబ్బ అనుకోండి. ఒళ్ళంతా, ముఖ్యంగా పొట్ట మీద, తొడల సందుల్లో కుళాయి నీళ్ళు పోసి, ఫ్యాను గాలి తగలనిచ్చి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. వెటర్నరీ యూనివర్సిటీ ఊళ్ళోనే ఉంది, అదో అదృష్టం.

మీరు అడగలేదు గానీ, తిప్పి తెచ్చాక చెవి మడతలు, కాలివేళ్ళ సందులు చూడండి. రక్తం తాగిన పిడుదు బూడిదరంగులో మిరియపు గింజలా ఉంటుంది. వేళ్ళతో నలపొద్దు, పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా లాగండి. తర్వాత రోజుల్లో తిండి మానేసి నీరసంగా పడుకుంటే, పిడుదుల వల్ల వచ్చే జ్వరమేమో అని రక్త పరీక్ష చేయించండి. రేబిస్ టీకా సరేసరి.