లావయ్యానంటూ మా అమ్మాయి తిండి తగ్గించేసింది.. ఏ డైట్ మంచిది?

ప్రశ్న: మా అమ్మాయికి 12 ఏళ్లు. ఎత్తు 150 సెంటీమీటర్లు, బరువు 44 కిలోలు. ఏడాదిలోనే 6 కిలోలు పెరిగింది. ఇంకా రజస్వల కాలేదు. క్లాసులో ఎవరో లావుగా ఉన్నావన్నారట. రెండు నెలలుగా పొద్దున ఏమీ తినడం లేదు, రాత్రి సగం తిని లేచిపోతోంది. రోజూ నాలుగైదు సార్లు బరువు చూసుకుంటోంది. ఎలాగూ తగ్గాలనుకుంటోంది కాబట్టి మంచి డైట్ చెబితే పద్ధతిగా చేయిస్తాను.
- ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ అమ్మాయికి డైట్ అవసరం లేదు, అందుకే చెప్పడం లేదు. మీరిచ్చిన కొలతల ప్రకారం తన బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) 19.6. పిల్లలకు పెద్దవాళ్ల లెక్క పనికిరాదు, వయసును బట్టి చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టుల్లో 12 ఏళ్ల ఆడపిల్లలకు బీఎంఐ దాదాపు 21 దాటితేనే అధిక బరువు అంటారు. మీ పాప బరువు మామూలుగానే ఉంది.

ఏడాదిలో 6 కిలోలు పెరగడం చూసి కంగారు పడ్డట్టున్నారు. ఈ వయసులో అది సహజమే. ఆడపిల్లలు రజస్వల కావడానికి ముందు వేగంగా ఎత్తు పెరుగుతారు, దాంతోపాటే తుంటి, తొడల దగ్గర కొవ్వు చేరుతుంది. నెలసరి మొదలవడానికి, సక్రమంగా రావడానికి ఆ కొవ్వు కావాలి. ఎముకల బలంలో దాదాపు 90 శాతం 18 ఏళ్ల లోపే సమకూరుతుంది. ఇప్పుడు తిండి తగ్గితే దెబ్బతినేవి ఇవే. ఎత్తు కూడా ఆగిపోవచ్చు.

పద్ధతిగా చేస్తే డైట్ వల్ల నష్టమేముందని మీకు అనిపించవచ్చు. ఆస్ట్రేలియాలో 14, 15 ఏళ్ల పిల్లలను కొంతకాలం గమనించి 1999లో ఒక అధ్యయనం ప్రచురించారు. కఠినంగా డైటింగ్ చేసిన అమ్మాయిలకు, అసలు చేయనివాళ్లతో పోలిస్తే ఈటింగ్ డిజార్డర్ (తిండి, బరువు గురించిన ఆందోళనతో తినే తీరు దెబ్బతినే మానసిక సమస్య) వచ్చే అవకాశం 18 రెట్లు ఎక్కువని తేలింది. ఓ మోస్తరుగా చేసినవాళ్లలోనూ 5 రెట్లు ఎక్కువే. పైగా డైటింగ్ చేసే పిల్లలు కొన్నేళ్లకు ఇంకా బరువు పెరగడమే ఎక్కువ. కడుపు మాడ్చుకుంటే రోజంతా ధ్యాస తిండి మీదే ఉంటుంది. చివరికి ఆపుకోలేక ఒకేసారి ఎక్కువ తినేస్తారు, తిన్నందుకు బాధపడి మళ్లీ మానేస్తారు. దీన్ని పిల్ల మొండితనం అనుకోకండి, ఆకలికి శరీరం స్పందించే తీరే అది.

ఇక ఇంట్లో మాటల సంగతి. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది ఇదే. లావు, సన్నం అంటూ ఎవరి గురించీ మాట్లాడకండి. ముద్దుగా పెట్టిన పేరైనా సరే, ఒంటిని బట్టి పిలవడం ఈ రోజే ఆపేయండి. మీరు అద్దం ముందు నిలబడి మీ పొట్ట గురించి విసుక్కున్నా పాప వింటుంది, తనకూ అదే కొలత పెట్టుకుంటుంది. బరువు చూసే మిషన్ తన కంటపడకుండా తీసేయండి. రోజుకో పూటైనా అందరూ కలిసి కూర్చుని, అందరూ ఒకే వంట తినండి. ఎంత తిందో లెక్కపెట్టకండి.

"నువ్వేం లావు లేవు" అంటే పాపకు ఊరట దొరకదు, వాదన పెరుగుతుంది. "వాళ్లు అలా అన్నప్పుడు నీకెలా అనిపించింది?" అని అడిగి, చెప్పేది పూర్తిగా వినండి. వెక్కిరింపు ఇంకా సాగుతుంటే టీచర్‌తో మీరే మాట్లాడండి. పన్నెండేళ్ల పిల్ల తనంతట తాను దాన్ని ఆపలేదు. అన్నట్టు, ఇది ఆడపిల్లల సమస్యే అనుకోవద్దు. కండలు రావడం లేదని దిగులుపడి పౌడర్ల వెంట పడే అబ్బాయిలూ ఉన్నారు.

పాపను ఈ వారంలోనే పిల్లల డాక్టర్‌కు చూపించండి. పాత ఎత్తు, బరువు వివరాలు తీసుకెళ్లండి. బరువు ఏ తీరున మారుతోందో వాటితోనే తెలుస్తుంది. కళ్లు తిరిగి పడిపోవడం, చేతులు చల్లబడటం, తిన్న వెంటనే బాత్రూంలోకి వెళ్లి వాంతి చేసుకోవడం, జుట్టు బాగా రాలడం, అదే పనిగా వ్యాయామం చేయడం ఉంటే దాచకుండా చెప్పండి. స్పృహ తప్పినా, మెలకువగా ఉన్నప్పుడు నాడి నిమిషానికి 50 కన్నా తగ్గినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రక్త పరీక్షలు నార్మల్‌గా వచ్చాయని అక్కడితో వదిలేయకండి. ఈ సమస్యలో రిపోర్టులు చాలాసార్లు బాగానే ఉంటాయి. తిండి తీరు మారకపోతే పిల్లల సైకాలజిస్ట్ దగ్గరకు పంపమని మీరే అడగండి. ఆ చికిత్సలో తల్లిదండ్రులదే పెద్ద పాత్ర కాబట్టి, మొదటి రోజు మీరిద్దరూ వెళ్లండి.